జ్వరం లేదని చూసుకున్నాక కూడా నిద్ర ఎందుకు రావడం లేదు?

ప్రశ్న: నా వయసు 38. ఉపాధ్యాయురాలిని. ఇంట్లో మా వారు, 9 ఏళ్ళ బాబు, మా అత్తగారు ఉంటారు. అత్తగారికి 72 ఏళ్ళు. చాలాకాలంగా ఊపిరితిత్తుల జబ్బుకు మందులు వాడుతున్నారు. కోవిడ్ కాలంలో మామగారిని పోగొట్టుకున్నాం. ఆసుపత్రిలో చేర్చిన తర్వాత ఆయనను మళ్ళీ చూడలేకపోయాం. ఇప్పుడు మేముండే ప్రాంతంలో ఒక శ్వాసకోశ అంటువ్యాధి వ్యాపిస్తోందని, వయసు మళ్ళినవారు జాగ్రత్తగా ఉండాలని ఆరోగ్య శాఖ ప్రకటించింది. ఆ రోజు నుంచి నాకు కంటిమీద కునుకు లేదు. రాత్రి రెండింటికో మూడింటికో మెలకువ వస్తుంది. లేచి వెళ్ళి అత్తగారి నుదురు తాకి చూస్తాను, థర్మామీటర్ పెడతాను, రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే ఆక్సీమీటర్ వేలికి తగిలిస్తాను. అన్నీ సరిగానే ఉంటాయి. అయినా వచ్చి పడుకున్నాక ఫోన్ తీసి కేసులు ఎన్ని పెరిగాయో వెతుకుతుంటాను. మా తమ్ముడు డాక్టరు. వాడికి రోజుకు నాలుగైదుసార్లు ఫోన్ చేసి అడిగిందే అడుగుతున్నాను. వాడు విసుక్కోకుండా చెబుతున్నాడు గానీ ఆ ధైర్యం గంటసేపైనా నిలవడం లేదు. మా వారు నాది చాదస్తమంటున్నారు. బాబు ఈమధ్య పదేపదే చేతులు కడుక్కుంటున్నాడు. మొన్న ‘నానమ్మ కూడా తాతయ్యలాగే వెళ్ళిపోతుందా’ అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు. నేను చేస్తున్నది జాగ్రత్తా, పిచ్చి భయమా? తేడా ఎలా తెలుస్తుంది?

సమాధానం: మీరు చేస్తున్నవాటిలో జాగ్రత్తా ఉంది, భయమూ ఉంది. రెండూ ఒకే పనిలో కలిసిపోయి ఉన్నాయి కాబట్టే విడదీసి చూడటం మీకు కష్టమవుతోంది. ఇలాంటి సందర్భాల్లో నేను వాడే కొలత ఒకటి చెబుతాను. జాగ్రత్త అనేది చేసి ముగించగల పని. వేయించవలసిన టీకా వేయించాం, గదిలో గాలి ఆడేలా కిటికీలు తెరిచాం, జనంలోకి వెళ్ళేటప్పుడు మాస్కు పెట్టుకున్నాం, అత్తగారి మందులు నెలకు సరిపడా తెచ్చి ఉంచాం అంటే ఆ పని అక్కడితో అయిపోయినట్టే. భయం చేయించే పనికి అలాంటి ముగింపు ఉండదు. చేసిన వెంటనే కాస్త తేలికపడతాం, ఆ వెంటనే ‘ఈలోగా ఏమైనా మారిపోయిందేమో’ అన్న అనుమానం మొదలై మళ్ళీ అదే పని చేయిస్తుంది. సాయంత్రం ఎనిమిదింటికి అత్తగారి జ్వరం చూడటం ఆమె కోసం చేసే పని. అదే రాత్రి రెండింటికో మూడింటికో లేచి మళ్ళీ చూడటం మీ మనసు కుదుటపడటానికి చేస్తున్న పని, అది కుదుటపడటం లేదని మీరే రాశారు.

అయితే మీ వారు వాడిన చాదస్తం అన్న మాటతో నేను ఏకీభవించను. మీ ఇంట్లో నిజంగానే ప్రమాదం ఎక్కువగా ఉన్న మనిషి ఉన్నారు, ఇలాంటి జబ్బే ఒకసారి మీ ఇంటి మనిషిని తీసుకుపోయింది కూడా. అటువంటప్పుడు ఏ భయమూ లేకుండా నిశ్చింతగా ఉన్నానని ఎవరైనా అంటే నేను దానికే ఎక్కువ ఆలోచిస్తాను. పైగా ఇది మీ ఒక్కరి సంగతి కాదు. కోవిడ్ వ్యాపించిన మొదటి సంవత్సరంలో ప్రపంచవ్యాప్తంగా ఆందోళన, కుంగుబాటు సమస్యలు 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్చిలో వెల్లడించింది. వాటి బారిన ఎక్కువగా పడినవారు యువతీయువకులు, స్త్రీలు. ఇంట్లో అందరి ఆరోగ్యం చూసుకునే బాధ్యత ఎవరి మీద పడుతుందో గమనిస్తే ఇందులో ఆశ్చర్యపోవలసింది పెద్దగా కనిపించదు.

ప్రమాదాలను మనుషులు ఎలా అంచనా వేస్తారో దశాబ్దాలపాటు పరిశీలించిన అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ స్లోవిక్, 1987లో ప్రచురించిన ఒక వ్యాసంలో, మన భయాన్ని పెంచే లక్షణాలను ప్రధానంగా రెండు తరగతులుగా చూపించారు. మన చేతిలో లేదని, ప్రాణాంతకమని, ఎందరినో ఒక్కసారిగా చుట్టుముడుతుందని అనిపించేవి ఒక తరగతి. కంటికి కనిపించనివి, కొత్తవి, ప్రభావం ఆలస్యంగా బయటపడేవి రెండో తరగతి. రోజూ రోడ్డు మీద ఎదురయ్యే ప్రమాదం ఈ రెండింటిలో దేనికీ సరిగ్గా సరిపోదు కాబట్టి దాని గురించి మనం నిద్ర మానుకోం. అంటువ్యాధి మాత్రం రెండింటికీ సరిపోతుంది. సోకిన మనిషి కొన్నాళ్ళపాటు మామూలుగానే తిరుగుతుంటాడు, గాలిలో ఏముందో కనిపించదు, ఈ రోజు జరిగిన పొరపాటు వారం తర్వాత గానీ తెలియదు. అందుకే ఈ సమయంలో ఎంత చూసుకున్నా ‘ఇక భయం లేదు’ అని తేల్చిచెప్పే ఆధారం దొరకదు. మీరు రాత్రిళ్ళు వెతుకుతున్నది ఆ ఆధారం కోసమే. అది ఏ పరికరంలోనూ ఉండదు. పరికరం చెప్పగలిగేది ఆ నిమిషపు సంగతి మాత్రమే.

ఆ పరికరాల గురించే కాస్త వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది అదే. శరీర ఉష్ణోగ్రత రోజంతా ఒకేలా ఉండదు. తెల్లవారుజామున తక్కువగా, సాయంత్రం వేళకు ఎక్కువగా ఉండి, సుమారు అర డిగ్రీ సెల్సియస్ అటూ ఇటూ అవుతుంది. వేడిగా ఏదైనా తాగిన వెంటనే థర్మామీటర్ నాలుక కింద పెడితే లేని జ్వరం చూపిస్తుంది. ఆక్సీమీటర్ మరీ సున్నితమైన వస్తువు: వేళ్ళు చల్లబడి ఉన్నా, గోళ్ళకు రంగు ఉన్నా, చెయ్యి కదిలినా అంకె తగ్గిపోతుంది. నిద్రలో ఉన్న మనిషి చేతిని దుప్పటిలోంచి బయటికి తీసి, సెల్‌ఫోన్ వెలుగులో, మీ గుండె దడదడలాడుతుండగా చూసే అంకె మీద ఎంత ఆధారపడవచ్చో ఆలోచించండి. ఆరోగ్యవంతుల్లో అది సాధారణంగా 95 నుంచి 100 శాతం మధ్య ఉంటుంది గానీ, ఎంతో కాలంగా ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి మామూలు స్థాయే కాస్త తక్కువగా ఉండవచ్చు. అత్తగారి మామూలు అంకె ఎంత, ఎంతకు తగ్గితే ఫోన్ చేయాలి, ఎంతకు తగ్గితే నేరుగా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి అన్న మూడు సంగతులూ ఆమెను చూసే వైద్యుణ్ణి ఒకసారి అడిగి కాగితం మీద రాయించుకోండి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. వయసు మళ్ళినవారిలో ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం పెద్దగా రాకపోవచ్చు. వారిలో ముందుగా కనిపించేవి వేరు: మునుపు లేని తికమక, రోజుకన్నా మగతగా ఉండటం, తిండి మీద ధ్యాస తగ్గడం, నాలుగు మాటలు మాట్లాడేసరికి ఆయాసం రావడం, ఎప్పుడూ ఉండే దగ్గు తీరు మారడం. ఇవి రాత్రి రెండింటికి నుదురు తాకితే తెలిసేవి కావు, పగలు పక్కన కూర్చుని మాట్లాడుతుంటే తెలిసేవి. కాబట్టి ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఆమె అయిదు నిమిషాలు కదలకుండా కూర్చున్న తర్వాత, చేయి వెచ్చగా ఉన్నప్పుడు చూడండి. అంకె నిలకడగా ఆగేదాకా ఉండి, తేదీ, సమయంతో సహా ఒక నోట్‌బుక్‌లో రాయండి. వైద్యుడు ఇంకా ఎక్కువసార్లు చూడమంటే ఆయన చెప్పినన్నిసార్లు చూడండి, అంతకు మించి వద్దు. రాసి పుస్తకం మూసేశాక ఆ పూట పని అయిపోయింది. రెండు పరికరాలనూ అత్తగారి గదిలో గానీ మీ దిండు కింద గానీ కాకుండా, మీ వారి అలమారలో పెట్టించండి. కొత్తగా ఏదైనా లక్షణం కనిపిస్తే ఏ వేళైనా తీయవచ్చు. మెలకువ వచ్చిందన్నది మాత్రం లక్షణం కింద లెక్కకు రాదు.

మొదటి మూడు నాలుగు రాత్రులు ఇది చాలా కష్టంగా ఉంటుంది, ముందే చెబుతున్నాను. చూడకుండా ఉన్నప్పుడు కంగారు ఒక్కసారిగా పెరుగుతుంది. అలా పెరగడం చూసి ‘ఏదో జరగబోతోంది కాబట్టే మనసు కీడు శంకిస్తోంది’ అని మీకు గట్టిగా అనిపిస్తుంది. దురద గోకిన కొద్దీ పెరిగినట్టు, అనుమానం తీర్చుకున్న కొద్దీ పెరుగుతుంది. గోకకుండా వదిలేసిన కాసేపు దురద భరించలేనంతగా ఉండి, ఆ తర్వాతే తగ్గుముఖం పడుతుంది. చూడకపోయినా ఏమీ జరగలేదన్న అనుభవం మనసుకు పదేపదే కలగాలి. ప్రతిసారీ లేచి చూసుకుంటే ఆ అనుభవం కలిగే అవకాశమే ఉండదు, ‘చూశాను కాబట్టే బాగుంది’ అన్న నమ్మకమే బలపడుతుంది.

మీ తమ్ముడికి చేసే ఫోన్లదీ ఇదే దారి. ఆయన ఓపిక మెచ్చుకోదగినదే గానీ, ఆ ఓపికే మీ ఆందోళనకు ఆహారమవుతోంది. ఆయనతో ముందుగానే ఒక ఒప్పందం చేసుకోండి: కొత్త లక్షణం ఉంటే ఎప్పుడైనా ఫోన్ చేస్తాను, కొత్తగా ఏమీ లేకుండా ‘పరవాలేదంటావా’ అని అడిగితే మాత్రం నువ్వు జవాబు చెప్పకు, ‘అక్కా, ఇది మనం మాట్లాడుకున్నదే’ అని మాట మార్చు అని మీరే అడగండి. వినడానికి కఠినంగా ఉంటుంది. ఆయన తనంతట తాను అలా అంటే మీకు మనసు నొచ్చుకుంటుంది, అందుకే ఆ మాట మీ నోటి నుంచి రావాలంటున్నాను. రోజుకు ఒకసారి ఆయనతో జబ్బు ఊసే లేకుండా మాట్లాడితే ఇంకా మంచిది.

ఇక వార్తలు. 2013లో బోస్టన్ మారథాన్‌లో బాంబు పేలుళ్ళు జరిగిన తర్వాత అమెరికాలో ఒక అధ్యయనం చేశారు. ఆ వారమంతా రోజుకు ఆరు గంటలు, అంతకన్నా ఎక్కువసేపు ఆ వార్తలు చూసినవారిలో మానసిక ఒత్తిడి, సంఘటన స్థలంలో స్వయంగా ఉన్నవారిలో కన్నా ఎక్కువగా కనిపించింది. అంటువ్యాధి వార్తలకూ ఈ సంగతి వర్తిస్తుందని నా అభిప్రాయం, ఎందుకంటే రెండుచోట్లా చూసేవారికి సమాచారం పెరగదు, అదే దృశ్యం మళ్ళీ మళ్ళీ కళ్ళ ముందు ఆడుతుంది. కోవిడ్ మొదలైన తొలి వారాల్లోనే, 2020 మార్చిలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రజలకు ఇచ్చిన సలహా కూడా ఇదే: నమ్మదగిన చోటి నుంచి, రోజులో ఒకటి రెండు నిర్ణీత సమయాల్లో మాత్రమే సమాచారం తెలుసుకోండి, అది కూడా మీరు చేయవలసిన పనులకు పనికివచ్చే సమాచారం. మీకు సంబంధించినంతవరకు సాయంత్రం ఆరింటికి ఆరోగ్య శాఖ ప్రకటన ఒక్కటి చదివితే చాలు. చదివాక వేసుకోవలసిన ప్రశ్న ఒక్కటే, రేపు మన ఇంట్లో ఏదైనా మార్చవలసి ఉందా? లేదంటే ఆ రోజుకు వార్తలు ముగిసినట్టే.

కేసుల సంఖ్య గురించి కూడా తెలుసుకోండి. ఒక రోజు అంకె ఆ రోజు ఎన్ని పరీక్షలు చేశారన్న దానిమీద, ఫలితాలు ఎన్నాళ్ళు ఆలస్యమయ్యాయన్న దానిమీద ఆధారపడుతుంది. సెలవు రోజు తగ్గి ఆ మర్నాటి నుంచి ఎగబాకడం సర్వసాధారణం. వ్యాధి వ్యాప్తిని లెక్కగట్టేవారే ఏడు రోజుల సగటు చూస్తారు గానీ ఒక రోజు అంకెను పట్టుకుని ఏదీ తేల్చరు. అర్ధరాత్రి ఆ అంకెను చూసి మీరు చేయగలిగిన పని ఒక్కటీ లేదు. బంధుమిత్రుల గ్రూపుల్లో వచ్చే గొంతు రికార్డింగుల సంగతి ఇక చెప్పనవసరం లేదు; ‘పెద్ద డాక్టరు గారు చెప్పారట’ అని మొదలయ్యే వాటిని వినకుండా తీసేయడం ఈ కాలంలో నిజంగా ఆరోగ్య సూత్రమే.

ఇంతవరకు చేయకూడని పనులు చెప్పాను. మరి ఆ ఆలోచనలను ఏం చేయాలని మీరు అడుగుతారు. ‘ఆలోచించకు, మనసు మళ్ళించుకో’ అన్నది అందరూ ఇచ్చే సలహా, పెద్దగా పనిచేయని సలహా. డానియల్ వెగ్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1987లో ప్రచురించిన ప్రయోగంలో కొందరిని తెల్ల ఎలుగుబంటి గురించి అయిదు నిమిషాలపాటు ఆలోచించవద్దని కోరితే, వారు దాన్ని తలచుకోకుండా ఉండలేకపోయారు సరికదా, ఆ తర్వాత ఆలోచించడానికి అనుమతి ఇచ్చినప్పుడు, మొదటి నుంచీ ఆలోచించమన్న వారికన్నా ఎక్కువసార్లు దాన్ని తలచుకున్నారు. అణచివేయడానికి బదులుగా వాయిదా వేయడం మేలు. మనస్తత్వ శాస్త్రవేత్త థామస్ బోర్కోవెక్, ఆయన సహచరులు 1983లో పరీక్షించి చూపిన పద్ధతి ఇలా ఉంటుంది: రోజూ ఒకే సమయంలో, ఒకే చోట, అరగంటసేపు దిగులు పడటానికే కేటాయించాలి, మిగతా రోజులో దిగులు తలెత్తినప్పుడల్లా ‘నీ సంగతి ఆ వేళకు చూస్తాను’ అని వాయిదా వేసి చేతిలో ఉన్న పనిలోకి తిరిగి రావాలి.

చదవడానికి ఇది నవ్వులాటగా ఉంటుందని నాకు తెలుసు. చేసి చూస్తే వేరుగా ఉంటుంది. మీరు సాయంత్రం ఆరున్నరకు, వార్త చదివిన తర్వాత, పడకగది కాని మరో చోట కుర్చీ వేసుకుని కూర్చోండి. పగలంతా వాయిదా వేసినవాటిని ఒక్కొక్కటిగా రాయండి. ప్రతిదాని పక్కనా నేను చేయగలిగిన పని ఉందా, లేదా అన్నది రాయండి. ‘అత్తగారికి రాత్రి ఆయాసం వస్తే’ అన్న దిగులుకు పని ఉంది: ఏ ఆసుపత్రికి వెళ్ళాలి, ఎవరు బండి నడుపుతారు, బాబు దగ్గర ఎవరుంటారు, ఆమె మందుల చీటీ, పాత రిపోర్టులు ఏ సంచిలో ఉన్నాయి అన్నవి తేల్చి ఆ సంచి తలుపు దగ్గర పెట్టేస్తే ఆ దిగులుకు జవాబు దొరికినట్టే. ‘నా వల్లే ఆమెకు సోకితే’ అన్నదానికి సగం పని ఉంది. మీరు రోజూ పిల్లల మధ్య పనిచేస్తారు కాబట్టి ఇంటికి రాగానే చేతులు కడుక్కోవడం, మీకు జలుబు చేసినప్పుడు ఆమె గదిలోకి వెళ్ళకుండా మీ వారికి అప్పగించడం మీరు చేయగలిగినవి. మిగతా సగానికి పని లేదు. ‘మళ్ళీ అలాగే జరిగితే’ అన్నదానికి పనే లేదు. పని లేనివాటి పక్కన ‘లేదు’ అని రాసి ఊరుకోండి. వాటిని పరిష్కరించాలని చూడకండి. అరగంట కాగానే లేవండి, మధ్యలో దిగులు అయిపోతే ఊరికే కూర్చోండి. చాలామందికి వారం తిరిగేసరికి ఆ అరగంట నింపడం కష్టమవుతుంది.

రాత్రి మెలకువ వచ్చినప్పటి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఆ వేళ శరీరం ముందు కంగారు పడుతుంది, కారణం మనసు తర్వాత వెతుక్కుంటుంది. ఊపిరి తెలియకుండానే వేగం పుంజుకుంటుంది. అవసరానికి మించి వేగంగా పీల్చి వదిలినప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోయి, వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కడం, తల తేలిపోయినట్టుండటం, ఛాతీ బిగుసుకోవడం, గాలి చాలడం లేదనిపించడం మొదలవుతాయి. శ్వాసకోశ వ్యాధి వ్యాపిస్తున్న రోజుల్లో ఈ లక్షణాలు కనిపిస్తే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది, దాంతో ఊపిరి ఇంకా వేగమవుతుంది. తీవ్రమైన భయం సాధారణంగా పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి, ఆ తర్వాత దానంతటదే దిగిపోతుంది. ఆ కాసేపు నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు ముక్కుతో గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెట్టేంతసేపు నెమ్మదిగా వదలండి. నిమిషానికి ఆరుసార్లు అవుతుంది. గట్టిగా ఎక్కువ గాలి పీల్చనవసరం లేదు, వదలడం నిదానంగా జరిగితే చాలు. ఇరవై నిమిషాలకూ నిద్ర పట్టకపోతే మంచం దిగి, మసక వెలుతురులో కూర్చుని, రేపటి పాఠానికి సంబంధించినదో మరొకటో, ఆసక్తి పెద్దగా కలిగించని పుస్తకం చదవండి. నిద్ర ముంచుకొచ్చినప్పుడే మళ్ళీ పడుకోండి. ఫోన్ వేరే గదిలో ఉండాలి. మధ్యాహ్నం దాటాక కాఫీ, టీ వంటి కెఫీన్ ఉన్న పానీయాలు మానేయండి, ఎందుకంటే తీసుకున్న కెఫీన్‌లో సగం శరీరం నుంచి పోవడానికే దాదాపు అయిదు గంటలు పడుతుంది. ఇంట్లో ఎవరికో రాసిన నిద్రమాత్రలు మాత్రం మీరు వేసుకోకండి. అత్తగారికి అసలే ఇవ్వకండి, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారిలో కొన్ని నిద్రమాత్రలు శ్వాసను మందగింపజేస్తాయి.

మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు ఒక సంగతి గమనించాను. అందులో అత్తగారి జ్వరం ఉంది, ఆక్సిజన్ ఉంది, ఊపిరితిత్తులు ఉన్నాయి. ఆమె అన్న మాట ఒక్కటీ లేదు. రాత్రి పూట కోడలు దీపం లేకుండా వచ్చి నుదుటి మీద చెయ్యి వేస్తుంటే ఆమెకు మెలకువ రాకుండా ఉంటుందా? తనకేదో అయిందని, తనకు చెప్పకుండా దాస్తున్నారని ఆమె అనుకుంటూ ఉండవచ్చు. భర్తను అలా పోగొట్టుకున్న మనిషి ఆమె. ‘అత్తయ్యా, మీకు భయంగా ఉందా, ఏం చేస్తే మీకు ధైర్యంగా ఉంటుంది’ అని ఒక పగటిపూట అడగండి. ఒంట్లో బాగాలేకపోతే వెంటనే పిలుస్తానని ఆమె చేత మాట తీసుకుని, మంచం పక్కన ఒక చిన్న గంటో, ఒక్క మీట నొక్కితే మీకు మోగే ఫోనో పెట్టండి. నిఘా మీ ఒక్కరి భుజాల మీద నుంచి దిగి ఇద్దరిదీ అవుతుంది.

మామగారి గురించి ఇంట్లో మాట్లాడుకుంటున్నారా? చివరి చూపు దక్కని మరణం ఏళ్ళ తరబడి మనసులో తెమలకుండా ఉండిపోతుంది. అలాంటి జబ్బే మళ్ళీ వచ్చిందన్న వార్త వినగానే అప్పటి భయమంతా ఇప్పటిదై కూర్చుంటుంది. మీరిప్పుడు కాపలా కాస్తున్నది అత్తగారిని మాత్రమే కాదేమో, అప్పుడు కాపాడుకోలేకపోయిన ఆయనను కూడానేమో ఆలోచించండి. మీ వారు ‘చాదస్తం’ అనేసి పక్కకు తప్పుకోవడం వెనక కూడా ఇదే ఉండి ఉండవచ్చు. ఆయన పోగొట్టుకున్నది కన్నతండ్రిని, ఇప్పుడు మీరు భయపడుతున్నది ఆయన తల్లి గురించి. భయాన్ని మీరు పనులుగా మార్చుకుంటే ఆయన మౌనంగా మార్చుకుని ఉండవచ్చు. ఆయనతో వాదించి గెలవాలని చూడకుండా, సాయంత్రం పూట అంకె రాసే పని ఆయనకు అప్పగించండి. ఆయన రాసిన అంకెను మీరు మళ్ళీ సరిచూడకూడదు, అదే మీకు అసలు అభ్యాసం.

బాబు ప్రశ్నకు జవాబు బాకీ ఉంది, దాన్ని ఎక్కువ రోజులు ఆపకండి. పిల్లలు పెద్దలు చెప్పినదానికన్నా చేస్తున్నదాన్ని నమ్ముతారు. ‘ఏం కాదు’ అని మీరంటారు, రాత్రి మీ అడుగుల చప్పుడు వాడికి వినబడుతూనే ఉంటుంది. నిజాన్ని వాడి వయసుకు తగినంత చెప్పండి: ‘నానమ్మకు ఇప్పుడు బాగానే ఉంది. ఆమెకు జబ్బు సోకకుండా మనం చేయవలసినవి చేస్తున్నాం. ఒకవేళ సోకితే డాక్టరు దగ్గరకు వెంటనే తీసుకువెళతాం. తాతయ్య గుర్తుకొస్తే నాకూ ఏడుపు వస్తుంది.’ నానమ్మ ఎప్పటికీ వెళ్ళిపోదని మాట ఇవ్వవద్దు. చేతులు కడుక్కోవడం విషయంలో వాడికి ముగింపు నేర్పండి: బయటి నుంచి వచ్చాక, తినేముందు, మరుగుదొడ్డికి వెళ్ళాక, తుమ్మినా దగ్గినా, సబ్బుతో 20 సెకన్లు, అంతటితో చేతులు శుభ్రమైనట్టే. అతిగా కడిగితే చర్మం పొడిబారి పగుళ్ళు వస్తాయని, చర్మమే మనకు రక్షణ అని చెబితే అర్థం చేసుకునే వయసే వాడిది. నానమ్మ దగ్గర కూర్చుని కథ చదివి వినిపించే పని వాడికి ఇవ్వండి. ఒకవేళ కడుగుడు తగ్గకుండా చేతులు ఎర్రబడుతున్నా, బడికి వెళ్ళనని మొండికేస్తున్నా పిల్లల వైద్యుడికి చూపించండి.

చివరగా, ఇవన్నీ మీరు ఒంటరిగా చేయవలసిన అవసరం లేదు. వైద్యులు ఆందోళన తీవ్రతను అంచనా వేయడానికి జీఏడీ-7 అనే ఏడు ప్రశ్నల పట్టికను వాడతారు. 2006లో ప్రచురితమైన ఈ పట్టిక గత రెండు వారాల్లో ఎంత తరచుగా కంగారు పడ్డారు, దిగులును ఆపుకోగలిగారా, చిరాకు పడ్డారా వంటివి అడిగి 0 నుంచి 21 వరకు మార్కులు ఇస్తుంది. 10, అంతకు మించి వస్తే నిపుణులతో మాట్లాడటం మంచిదని లెక్క. మీ ఉత్తరాన్ని బట్టి మీరు ఆ దరిదాపుల్లో ఉన్నారనిపిస్తోంది గానీ, ఉత్తరం చదివి నిర్ధారణ చేయడం సరికాదు. నేను చెప్పినవి రెండు వారాలు చేసి చూడండి. అప్పటికీ నిద్ర పట్టకపోయినా, పాఠం చెబుతూ మధ్యలో ఆగిపోతున్నా, పరికరాలను అలమారలోంచి తీయకుండా ఉండలేకపోతున్నా మానసిక వైద్యుణ్ణి గానీ క్లినికల్ సైకాలజిస్టును గానీ కలవండి. ఆలోచనా ధోరణిని, ప్రవర్తనను మార్చే చికిత్స దీనికి బాగా పనిచేస్తుంది, అవసరమైతే మందులూ ఉన్నాయి. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగవద్దు, ఆ రోజే ఇంట్లో చెప్పి వైద్యుడి దగ్గరకు వెళ్ళండి. అలాగే మీకు గానీ అత్తగారికి గానీ ఛాతీలో నొప్పి, తగ్గని ఆయాసం, పెదవులు నీలిరంగుకు తిరగడం వంటివి కనిపిస్తే అది ఆందోళనేనని మీరే తేల్చేసుకోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. మానసిక వైద్యుణ్ణి కలిసేటప్పుడు సాయంత్రం పూట దిగుళ్ళు రాసుకున్న కాగితాలు వెంట తీసుకువెళ్ళండి; మొదటి అరగంటలో మీరు చెప్పలేకపోయే సంగతులు చాలావరకు వాటిలోనే ఉంటాయి.